నీరు చొరని తుపాకీ పెట్టె: ప్రాణహిత మీద ఏడాది వాడకం

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దు మీద ఉన్న గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత నది ఒడ్డున ఉన్న మా ఊరికి రోడ్డు లేకపోలేదు గాని, వానాకాలంలో వాగులు పొంగి ఆ రోడ్డు తెగినప్పుడల్లా తాలూకా కేంద్రానికి పోవడానికి మాకు పడవే దిక్కు. మాది పదహారు అడుగుల ఫైబరు పడవ, వెనక చిన్న పెట్రోలు మోటారు ఉంటుంది. అందులో ఎరువు బస్తాలు వెళ్తాయి, మిర్చి వెళ్తుంది, ఏడాదికి రెండు మూడు సార్లు మా నాన్నగారి పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ కూడా వెళ్తుంది. దాన్ని తడవకుండా చేరవేయడానికి 2024 ఆగస్టులో 11,400 రూపాయలు పెట్టి, నీరు చొరదని చెప్పి అమ్మే గట్టి ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొన్నాను. ఏడాదికి పైగా వాడిన తర్వాత దాని మంచిచెడ్డలు రాస్తున్నాను. అమ్మినవారి మీద నాకు కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి కనుక దుకాణం పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం పెట్టెలన్నీ ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి కాబట్టి పేరు లేకపోయినా చదివేవారికి ఇబ్బంది ఉండదనుకుంటాను.

తుపాకీకి పడవలో ఏం పని అని అడిగేవారు ఉంటారు కనుక ముందే చెబుతాను. మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు నిండాక, 2016 ఆయుధ నియమావళి ఇచ్చిన వెసులుబాటు ప్రకారం ఆయన తుపాకీ వారసుడిగా నా లైసెన్సులోకి మారింది. ఆనాటి నుంచి అది ఇల్లు దాటిందంటే లైసెన్సు రెన్యువల్‌కో, ఎన్నికలప్పుడు పోలీసు స్టేషన్‌లో అప్పగించడానికో, మరమ్మతుకో దాటింది గాని వేటకు ఎన్నడూ దాటలేదు. చేలో అడవిపందుల బెడద ఉన్నమాట నిజమే. అయితే పంట కాపాడుకోవడానికి తుపాకీ లైసెన్సు ఉండడం వేరు, పందిని కాల్చడానికి వన్యప్రాణి చట్టం కింద అటవీ అధికారి రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి చిక్కుల్లో పడ్డవారిని చూశాను.

ఇక పెట్టె విషయానికి వస్తాను. గొట్టాలను విడదీసి పెట్టుకునే రకం కాబట్టి పొడవు ఎనభై అయిదు సెంటీమీటర్లే, వెడల్పు ముప్పై అయిదు, లోతు పద్నాలుగు. ఖాళీ పెట్టె అయిదు కిలోలు తూగింది. మూత అంచు చుట్టూ గాడిలో కూర్చున్న రబ్బరు పట్టీ, దాన్ని అదిమిపట్టే ఆరు గొళ్లేలు, పిడి పక్కన లోపలి గాలిని సరిచేసే చిన్న వాల్వు, లోపల మూడు పొరల స్పాంజి ఉన్నాయి. స్పాంజిని తుపాకీ ఆకారానికి మనమే కోసుకోవాలి. కూరగాయల కత్తితో కోస్తే పొట్టు రాలి గొట్టాల కీలులో ఇరుక్కుంటుంది. నేను చెప్పులు కుట్టే అతని దగ్గర ఉలి అడిగి తెచ్చి, స్పాంజిని ముందు నీళ్లలో తడిపి కోశాను. అంచు శుభ్రంగా వచ్చింది గాని ఆ తడి పూర్తిగా ఆరడానికి మూడు రోజులు ఎండలో పెట్టాల్సి వచ్చింది.

అమ్మినవాడి మాట నమ్మి తుపాకీతోనే పరీక్ష చేసేంత తెలివితక్కువవాణ్ని కాను. తుపాకీ బరువుకు సరిపోయేలా రెండు ఇటుకలు, ఒక పలుగు ముక్క పాత దినపత్రికల్లో చుట్టి పెట్టెలో సర్ది, గొళ్లేలు బిగించి, నైలాన్ తాడు కట్టి మా రేవులో మోకాలు దాటిన లోతులో వదిలాను. లోపలి బరువుతో కలిపి తొమ్మిది కిలోలు కూడా లేదు, పెట్టె ఆక్రమించే చోటు నలభై లీటర్లు ఉంటుంది, కాబట్టి తేలడంలో వింత లేదు. అయిదింట ఒక వంతు మునిగి మిగతాది పైకే ఉంది. దాన్ని అరగంట సేపు చేత్తో అదిమి ముంచుతూ, తిప్పుతూ, తలకిందులు చేస్తూ ఉన్నాను. బయటికి తీసి మూత తెరిస్తే కాగితం ఒక మూల నుంచి జానెడు మేర తడిసి ఉంది.

మొదట కంపెనీని తిట్టుకున్నాను. తర్వాత వేలితో రబ్బరు పట్టీ పొడుగునా తడుముతూ పోతే, సరిగ్గా ఆ మూలకు ఎదురుగా ఒక ఇసుక రేణువు తగిలింది. ఆవగింజలో సగం కూడా లేదు. పెట్టెను ఒడ్డున ఇసుకలో తెరిచి ఉంచి ఇటుకలు సర్దాను కదా, అప్పుడే అంటుకుని ఉంటుంది. పట్టీని తడిగుడ్డతో తుడిచి, గాడిని పాత పళ్ల బ్రష్‌తో గీకి, ఇంటి గడప మీద కూర్చుని మూసి మళ్లీ ముంచితే ఈసారి గంట తర్వాత కూడా కాగితం పొడిగా గలగలలాడింది. మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో స్తంభాలు కుంగాక నీరు నిలపడం మానేశారు కనుక, వానలు వెనకపట్టగానే మా దగ్గర నదిలో ఇసుక మేటలు తేలుతాయి. పడవ ఎక్కడ ఆగినా కాలికింద ఇసుకే. ఈ పెట్టెకు నీళ్ల కంటే ఇసుకే పెద్ద శత్రువు. పెట్టెతోపాటు ఇచ్చిన కాగితంలో మంచు గురించి, ఎడారి గురించి రాశారు గాని పట్టీని తుడుచుకోమని ఒక్క ముక్క లేదు.

వాల్వు విషయంలో తప్పు నాదే. ఒకసారి ఎండలో మూత బిగిసిపోయి రాకపోతే వాల్వు వదులు చేసి తెరిచాను, తిరిగి బిగించడం మరిచి పడవలో పెట్టాను. దారిలో వాన పట్టింది. ఇంటికి వచ్చి చూస్తే రెండు చెంచాల నీళ్లు స్పాంజి కింద చేరి ఉన్నాయి. ఆ తడిని రెండు రోజులు గమనించకపోవడంతో కుడి గొట్టం మీద చింతగింజంత తుప్పు మచ్చ పడింది. నూనె రాసి సన్నని ఉక్కు పీచుతో రుద్దితే పోయింది గాని నీలి మెరుగు కూడా దానితోపాటే పోయింది. అందుకే స్పాంజిలో తుపాకీని ప్రయాణంలో మాత్రమే ఉంచాలి. ఇంటికి చేరగానే బయటికి తీసి తుడిచి ఇనుప బీరువాలో పెట్టుకోవాలి. లోపల తేమ పీల్చే గుళికల పొట్లాలు రెండు వేసుకుంటే మంచిది. నల్ల రంగు పెట్టె కొనవద్దు. నాది నలుపే. వైశాఖంలో మధ్యాహ్నం పడవ మధ్యలో పెట్టిన పెట్టెను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, మూతకు స్పాంజిని అంటించిన జిగురు కరిగి ఊడిపోయింది.

తాళాల దగ్గర కంపెనీ పిసినారితనం బయటపడుతుంది. పదకొండు వేల పెట్టెకు రెండు రేకు తాళాలు ఇచ్చారు. మా అమ్మాయి బడికి తీసుకెళ్లే ట్రంకు పెట్టె తాళంచెవి వాటిలో ఒకదాన్ని అవలీలగా తెరిచింది. పెట్టెలో తాళం దూర్చే కన్నాలు సన్నగా ఉండడంతో బజారులో దొరికే మంచి ఇత్తడి తాళం కడ్డీ అందులోకి వెళ్లదు. సిరోంచలో వెల్డింగు దుకాణంలో కన్నాలను కొద్దిగా పెద్దవి చేయించి, చుట్టూ ఉక్కు వాషర్లు బిగించి, అప్పుడు అయిదు వందల రూపాయల తాళాలు రెండు వేశాను. బహిరంగ ప్రదేశంలో పొడవాటి తుపాకీని తీసుకెళ్లేటప్పుడు దానికోసమే చేసిన తొడుగులో పూర్తిగా కప్పి ఉండాలని, తీసుకెళ్లేవాడి అదుపులో ఉండాలని 2016 నియమావళి చెబుతుంది. మా నాన్నగారి కాలపు కాన్వాసు సంచి కంటే ఈ పెట్టె ఆ మాటకు బాగా ఒదుగుతుంది. ఒదగడమే కాదు, లోపల తుపాకీ ఉందన్న అనుమానం కూడా రానివ్వదు. రేవులో ఒక ముసలమ్మ దాన్ని చూసి, "హార్మోనియమా బిడ్డా, ఏ ఊర్ల భజన?" అని అడిగింది. కాదని చెప్పలేక, అవునని అబద్ధం ఆడలేక నవ్వి ఊరుకున్నాను.

తూటాలకు వేరే అర లేకపోవడం మరో లోపం. గొట్టాల పక్కనే స్పాంజిలో గుంట కోసి పెట్టుకోమని బొమ్మ వేసి మరీ చూపించారు. నేను అలా చేయలేదు. తూటాలను మూత బిగిసే స్టీలు డబ్బాలో వేసి, డబ్బాకు తాళం వేసి, నా భుజాన ఉన్న సంచిలో పెట్టుకుంటాను. ఎన్ని బయలుదేరాయో, ఎన్ని తిరిగి వచ్చాయో ఒక చిన్న పుస్తకంలో రాస్తాను. ఈ అలవాటు మా మేనల్లుడి మాటల వల్ల వచ్చింది, ఆ సంగతి కొంచెం తర్వాత చెబుతాను.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సర్దుకోగల లోపాలు. సర్దుకోలేనిది అమ్మినవారు చెప్పిన ఒక మాట. పెట్టెతో వచ్చిన కరపత్రంలో, ఈ పెట్టెలో తాళం వేసి ఉంచితే తుపాకీని పడవలోగాని వాహనంలోగాని ఏ రాష్ట్రానికైనా నిస్సందేహంగా తీసుకెళ్లవచ్చని అచ్చువేశారు. దుకాణంలో ఉన్న కుర్రవాడు కూడా అదే అన్నాడు. ఆ సమయంలో నా తుపాకీ ఎడమ గొట్టంలో తూటాను పేల్చే సూది సరిగా కొట్టడం లేదు. లైసెన్సు ఉన్న మరమ్మతు దుకాణం కోసం గడ్చిరోలి వైపు వెళ్లాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే, వరంగల్ మాకు అంతకంటే దగ్గర. కరపత్రం నమ్మి బయలుదేరబోయేవాణ్నే. ఎందుకైనా మంచిదని ముందు ఫోను చేస్తే, అక్కడి దుకాణంలో లెక్కలు చూసే పెద్దమనిషి అడిగిన మొదటి ప్రశ్న పెట్టె గురించీ కాదు, తుపాకీ గురించీ కాదు.

"మీ లైసెన్సుల ఏరియా అని ఉంటది చూడుండ్రి సార్, అక్కడ ఏమని రాసిండ్రు?"

తీసి చూస్తే మహారాష్ట్ర రాష్ట్రం అని ఉంది. "అయితే నది దాటకుండ్రి. దాటి వచ్చినా నేను తీసుకోను" అన్నాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఆయుధ చట్టం 1959 నాటి కేంద్ర చట్టమే, దేశమంతటికీ ఒక్కటే. కాని ఆ చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే లైసెన్సు ఎంత మేర చెల్లుతుందో లైసెన్సులోనే రాసి ఉంటుంది. కొందరికి జిల్లా వరకు, కొందరికి రాష్ట్రం వరకు, తగిన కారణం చూపి పొందినవారికి దేశమంతటా. రాసి ఉన్న హద్దు దాటిన చోట చేతిలో ఉన్న తుపాకీ లైసెన్సు లేని తుపాకీతో సమానమయ్యే ప్రమాదం ఉంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీకి శిక్ష రెండేళ్లకు తక్కువ కాకుండా అయిదేళ్ల వరకు. వార్ధా, వైన్‌గంగ కలిసిన చోట పుట్టి నూట పదమూడు కిలోమీటర్లు పారి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే ప్రాణహితకు, పటంలో రాష్ట్రాల గీత నీళ్లలోనే ఉంటుంది. సుడి తప్పించుకోవడానికి చుక్కాని కాస్త కుడికి తిప్పితే మనం తెలంగాణలో ఉన్నట్టే. నీటి మీద గీత కనబడదు, పెట్టెకు తెలియదు, మోటారుకు అంతకన్నా తెలియదు.

ఇందులో చిత్రం ఏమిటంటే, పడవ కాగితాలకు ఈ బాధ తీరిపోయింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం తర్వాత, ఒక రాష్ట్రంలో ఇచ్చిన మరపడవ రిజిస్ట్రేషను అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, అవతలి రాష్ట్రం అనుమతి మళ్లీ అడగనక్కరలేదు. పడవ దర్జాగా అవతలి ఒడ్డు చేరవచ్చు, అందులో ఉన్న పెట్టె చేరకూడదు. నిజాం రాజ్యానికీ ఇంగ్లీషువారి సెంట్రల్ ప్రావిన్సులకూ ఈ నదే హద్దుగా ఉన్న రోజుల్లో, సిరోంచ అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉన్నప్పుడు, నది దాటే తుపాకుల సంగతి ఎలా చూసేవారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మా బావమరిది ఈ సంగతి విని, ఓడల్లో తుపాకులకు లైసెన్సే అక్కరలేదని చట్టంలో ఉందట కదా బావా, పడవ కూడా చిన్న ఓడే కదా అన్నాడు. సగం విన్న మాట అది. ఆయుధ చట్టం నలభై అయిదో సెక్షన్ మినహాయించింది సముద్రంలో తిరిగే ఓడ మీద, విమానం మీద, ఆ ఓడకో విమానానికో మామూలుగా ఉండే సామగ్రిలో భాగమైన ఆయుధాలను. ఎరువు బస్తాలు మోసే ఫైబరు పడవ సముద్రపు ఓడా కాదు, మా నాన్నగారి తుపాకీ దాని సామగ్రీ కాదు. సముద్రపు ఓడలకైనా ఆ మినహాయింపు అంత తేలికగా అక్కరకు రాలేదు. సముద్ర దొంగల నుంచి వాణిజ్య నౌకలను కాపాడే పని మీద తిరిగే సీమన్ గార్డ్ ఒహాయో అనే ఓడను 2013 అక్టోబరులో తూత్తుకుడి తీరంలో ఆపి, అందులోని ముప్పై అయిదు మందిని ఆయుధ చట్టం కింద అరెస్టు చేశారు. 2016 జనవరిలో కింది కోర్టు అయిదేళ్ల శిక్ష వేసింది, 2017 నవంబరులో మద్రాసు హైకోర్టు వారిని నిర్దోషులని విడిచిపెట్టింది. చివరకు గెలిచారు నిజమే, కాని గెలిచేసరికి నాలుగేళ్లు గడిచిపోయాయి. ఆ నాలుగేళ్లు నా మిర్చి చేను ఎవరు చూస్తారు?

ఓడ ఉద్యోగం చేసే మా మేనల్లుడు కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదే మాట వస్తే, సొంత పడవల మీద దేశాలు తిరిగే తెల్లవారు పడే పాట్లు చెప్పాడు. బహామాస్ దీవులకు పోయే పడవలో తుపాకీ ఉంటే, రేవు చేరగానే కస్టమ్స్ వారికి దాని నంబరుతో సహా తూటాలు ఎన్నో లెక్క కట్టి రాసి ఇవ్వాలట. పడవలోనే తాళంలో ఉంచాలి, ఒడ్డుకు దించకూడదు, తిరిగి వెళ్లేటప్పుడు లెక్క తేడా రాకూడదు. నా దగ్గర ఉన్న తూటాల పుస్తకం అతని మాట విన్న మరుసటి రోజు మొదలైంది. మనకూ లైసెన్సులో ఒకేసారి ఎన్ని తూటాలు కొనవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో రాసి ఉంటుంది కనుక ఆ పుస్తకం ఎక్కడ చూపినా పనికివస్తుంది.

పెట్టెను నిజంగా పనిలో పెట్టిన మొదటి ప్రయాణం 2024 అక్టోబరులో జరిగింది. మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల ప్రకటన అక్టోబరు 15న వచ్చింది, నవంబరు 20న పోలింగు. ఎన్నికలప్పుడు లైసెన్సుదారులంతా తుపాకులు అప్పగించి తీరాలని చాలామంది అనుకుంటారు. నిజానికి జిల్లా మేజిస్ట్రేటు, ఎస్పీ ఉన్న పరిశీలన సంఘం ఎవరెవరు అప్పగించాలో ఒక్కొక్కరి విషయం చూసి నిర్ణయిస్తుంది. నాకు నోటీసు వచ్చింది, వెళ్లాను. ఆ సమయంలో అవతలి ఒడ్డున ఎన్నికల నియమావళి ఏదీ లేదు, వారి అసెంబ్లీ ఎన్నికలు అంతకు ముందటి ఏడాది నవంబరు 30నే అయిపోయాయి. అప్పుడు వారు అప్పగించే హడావిడిలో ఉంటే మేము నిశ్చింతగా ఉన్నాం. ఒకే నదికి రెండు ఒడ్లు, ఒకే తుపాకీకి రెండు క్యాలెండర్లు. లోక్‌సభ ఎన్నికలకు నియమావళి 2024 మార్చి 16న అందరికీ ఒకేసారి వచ్చింది గాని, మేము ఏప్రిల్ 19న ఓటు వేస్తే అవతలి ఒడ్డున ఉన్న మా అక్కయ్య వాళ్లు మే 13న వేశారు.

ఎన్నికలు లేని రోజుల్లో కూడా ఒడ్డుకో ఆంక్ష ఉంటుంది. మా వైపు 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టంలోని ముప్పై ఏడో సెక్షన్ కింద పండుగలప్పుడు, ఆందోళనలప్పుడు కొన్ని రోజులపాటు ఆయుధాలు పట్టుకుని తిరగకూడదని ఉత్తర్వులు వస్తుంటాయి. వాటిలో తుపాకులతోపాటు కర్రలు, కత్తులు కూడా ఉంటాయి. అవతల అటువంటి ఉత్తర్వులు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని నూట అరవై మూడో సెక్షన్ కింద వస్తాయి, అంటే పాత నూట నలభై నాలుగు అన్నమాట. పెట్టె ఎంత గట్టిదైనా, తాళం ఎంత మంచిదైనా ఆ రోజుల్లో అడుగు బయట పెట్టకూడదు. అందుకని బయలుదేరే ముందు రోజు స్టేషన్‌కు ఫోను చేసి అడగడం నాకు అలవాటైంది.

అక్టోబరు ప్రయాణంలో పెట్టె బాగానే పనిచేసింది. నది ఇంకా నిండుగానే ఉంది, గాలి ఎదురు కొట్టింది, మోకాళ్ల దాకా తడిశాం. పెట్టెను పడవ అడుగున అడ్డపట్టీల మధ్య ఇరికించి, ఆరు మీటర్ల తాడుతో చుక్కాని దిమ్మకు కట్టి, తాడు రెండో కొసకు ఖాళీ నూనె డబ్బా వేశాను. పడవ బోల్తా పడితే పెట్టె ఎటు పోయిందో ఆ డబ్బా చూపిస్తుంది. పెట్టె అడుగుభాగం మరీ నున్నగా ఉండడంతో మొదట్లో అటూ ఇటూ జారింది. పాత సైకిలు ట్యూబు ముక్కలు అంటించాక కుదురుకుంది. రేవులో దిగేటప్పుడు పడవ నడిపే మా మల్లన్న పెట్టెను అందుకుని గట్టు మీదికి చేర్చాడు. లైసెన్సు అతనిది కాదు గదా అని ఎవరో అన్నారు. లైసెన్సుదారు ఎదురుగా ఉండగా, లేదా అతను రాసి ఇచ్చిన అధికారంతో, మరమ్మతుకో రెన్యువల్‌కో మరొకరు మోయడాన్ని చట్టం మూడో సెక్షన్ ఒప్పుకుంటుంది. పెట్టెను పడవలో వదిలి ఇద్దరూ చాయ్ తాగడానికి పోతే మాత్రం అది వేరే కథ అవుతుంది. స్టేషన్‌లో తుపాకీ నంబరు చూసి రసీదు ఇచ్చారు, ఖాళీ పెట్టెతో తిరిగి వచ్చాను.

లైసెన్సు పరిధిని తెలంగాణకు కూడా పెంచమని ఆ డిసెంబరులో దరఖాస్తు పెట్టుకున్నాను. మరమ్మతు అవసరం, అవతల మాకున్న భూమి కాగితాలు, అక్కయ్య ఇంటి చిరునామా అన్నీ జతచేశాను. ఎనిమిది నెలలు పట్టింది. ఆమోదం వచ్చాక చూస్తే అందులో రాసింది మరాఠీలో. మా శస్త్ర పరవానా, అంటే ఆయుధ లైసెన్సు, పుస్తకంలో అంతా మరాఠీయే కనుక ఇక్కడ ఇబ్బంది లేదు గాని, అవతలి ఒడ్డున తనిఖీ చేసే కానిస్టేబులుకు అది ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషులో కూడా రాసి ముద్ర వేయమని మళ్లీ అడిగితే పెద్ద మనసుతో వేసి ఇచ్చారు. జాతీయ లైసెన్సుల పట్టికలో ప్రతి లైసెన్సుకూ ఇచ్చే విశిష్ట సంఖ్యను కూడా పెట్టె మూత లోపల అంటించుకున్నాను. ఆ కాగితాలు పెట్టుకోవడానికి మూతలో ఒక ప్లాస్టిక్ జేబు ఉంటే ఎంత బాగుండేది. పదకొండు వేలలో ఇరవై రూపాయల జేబు కంపెనీకి బరువైంది.

కాగితం చేతికి వచ్చాక కూడా మా ఊరి నుంచి ఎదురుగా ఉన్న ఒడ్డుకు నేరుగా దాటలేదు. పడవలో పావుగంట దారి, అయినా దాటలేదు. కారణం చెబుతాను. అవతల కోటపల్లి వైపు నది పొడుగునా ప్రాణహిత అభయారణ్యం ఉంది. 1980లో ఏర్పడింది, నూట ముప్పై ఆరు చదరపు కిలోమీటర్లు, కృష్ణజింకలకు పేరున్నది. మా వైపు ఎగువన చప్రాలా అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ముప్పై ఒకటో సెక్షన్ ప్రకారం, అధికారి ముందుగా రాతపూర్వకంగా అనుమతి ఇవ్వనిదే ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. ఆ చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు, కత్తి, వల, గాలం కూడా అందులోకే వస్తాయి. తుపాకీ లైసెన్సు రెండు రాష్ట్రాలకు చెల్లినా, దేశమంతటా చెల్లినా అక్కడ చెల్లదు. అక్కడ నేరానికి వాడిన వాహనాన్ని, పడవను, ఆయుధాన్ని పట్టుకుంటే ప్రభుత్వపరం అవుతాయి. ఒక్క గొట్టం సూది బాగుచేయించుకోబోయి తుపాకీ, పడవ రెండూ పోగొట్టుకునే పని నేను చేయలేను. అభయారణ్యం హద్దురాయి ఏ చెట్టు కింద ఉందో పడవలో కూర్చుని తేల్చే విద్య కూడా నాకు లేదు. కాబట్టి మా ఒడ్డు వెంబడే సిరోంచ దాకా పడవలో వెళ్లి, అక్కడి నుంచి జీపు మాట్లాడుకుని కాళేశ్వరం వంతెన మీదుగా గోదావరి దాటాను. వంతెన అవతల తనిఖీలో మూత తెరవమన్నారు. ఇంగ్లీషు ముద్ర, విశిష్ట సంఖ్య, వేరుగా ఉన్న తూటాల డబ్బా, పుస్తకం అన్నీ చూసి అయిదు నిమిషాల్లో పొమ్మన్నారు. తెరిచిన మూతలోకి పక్కన రోడ్డు మీది దుమ్ము పడితే, వరంగల్ చేరే దాకా మళ్లీ ఆ పట్టీ గురించే దిగులు. దుకాణంలో ఏరియా ప్రశ్న అడిగిన ఆ పెద్దమనిషే సూది మార్చించాడు.

ఈ పెట్టె ఎవరు కొనవచ్చు అంటే, గొట్టాలు విడదీసే రకం తుపాకీ ఉండి, నీటి మీద తరచుగా తిరగక తప్పనివారు కొనవచ్చు. రోడ్డు మీదే తిరిగేవారికి మంచి కాన్వాసు తొడుగు చాలు, అది రెండు వేలలో వస్తుంది. ఒక్క నీటి విషయంలోనే అయితే పదికి ఎనిమిది మార్కులు ఇస్తాను. తాళాలకు రెండు ఇస్తాను. కరపత్రంలోని ఆ అబద్ధానికి ఏమీ ఇవ్వను. దాన్ని తీసేయమని రెండుసార్లు ఉత్తరం రాసినా జవాబు లేదు. అమ్మిన తర్వాత వారి సేవ కూడా అంతంతమాత్రమే. ఏడాదికే రబ్బరు పట్టీ ఒకచోట చిట్లితే, రబ్బరుకు వారంటీ లేదన్నారు. వాదించగా వాదించగా, డబ్బు పంపితే కొత్తది ఇస్తామని ఒప్పుకున్నారు. 340 రూపాయలు కట్టాక ఆరు వారాలకు వచ్చింది. వచ్చే మృగశిరకు ముందే దాన్ని వేసుకోవాలి, వేసేటప్పుడు గడప మీద కాకుండా నట్టింట్లో, తలుపు వేసుకుని కూర్చుంటాను.